వరిగడ్డి మేస్తే బర్రె ఎక్కువ గ్యాస్ వదులుతుందా? గడ్డిని బట్టి, కాలాన్ని బట్టి తేడా నిజమేనా?

హసన్‌పర్తి_బర్రెలు
మొన్న మా ఊళ్ళో పాడి రైతులకు మీటింగ్ పెట్టారు. వచ్చినాయన గంటసేపు వాతావరణాన్ని వేడెక్కించే మీథేన్ గ్యాస్ గురించే మాట్లాడాడు. వరిగడ్డి మేపితే బర్రె గ్యాస్ ఎక్కువ వదులుతుందట, లేత పచ్చగడ్డికి తగ్గుతుందట, వానాకాలం ఒక లెక్క, ఎండాకాలం ఇంకో లెక్కట. వరిగడ్డి తగ్గించండి అని చెప్పి చాయ్ తాగి వెళ్ళిపోయాడు. తగ్గించి ఏం పెట్టాలో మాత్రం చెప్పలేదు. మా దగ్గర వానాకాలం వరే, యాసంగి వరే. కొంచెం జాగాలో సూపర్ నేపియర్ గడ్డి ఉంది, మార్చి దాటితే బోరు పోయదు, అదీ ఎండుతుంది. ఇందులో నిజమెంత? నిజమైతే నాకేంటి? రేపు దీన్ని చూపించి పాల రేటులో కోత పెడతారేమో అని టెన్షన్‌గా ఉంది.

గ్యాస్_బండ
బర్రె వెనక పైపు పెడితే ఇంట్లో సిలిండర్ ఖర్చు మిగులుతుంది కదన్నా.

కోరుట్ల_వెటర్నరీ
పైపు పెట్టాలంటే మూతికి పెట్టాలి. నూటికి తొంభై పాళ్ళకు పైగా తేన్పుల్లోనే బయటికి వస్తుంది, వెనక నుంచి వచ్చేది చాలా తక్కువ.

అసలు విషయం. నెమరు వేసే జీవం పెద్ద పొట్టలో సూక్ష్మజీవులు పీచును పులియబెడతాయి. అప్పుడు ఎసిటేట్, ప్రొపియోనేట్ లాంటి ఆమ్లాలు తయారవుతాయి. బర్రెకు బలం వాటి నుంచే. ఎసిటేట్ తయారయ్యేటప్పుడు హైడ్రోజన్ మిగులుతుంది. ఆ హైడ్రోజన్‌ను వాడుకుని బతికే ఇంకో రకం సూక్ష్మజీవులు దాన్ని మీథేన్ చేస్తాయి. ప్రొపియోనేట్ దారిలో హైడ్రోజన్ ఖర్చైపోతుంది, కాబట్టి మీథేన్ తగ్గుతుంది. ముదిరిన పీచు ఎక్కువుంటే ఎసిటేట్ దారి, గింజ, పిండి పదార్థం ఉంటే ప్రొపియోనేట్ దారి. మీటింగ్‌లో ఆయన చెప్పింది తప్పు కాదు, సగమే చెప్పాడు.

హసన్‌పర్తి_బర్రెలు
మిగతా సగం ఏంటి మరి?

లెక్కల_సారు_హన్మకొండ
నేను చెప్తా. బర్రె రోజుకు 8 కిలోల ఎండు పదార్థం తింటుంది అనుకుందాం, నీళ్ళు తీసేసిన లెక్క. కిలోకు దాదాపు 18.45 మెగాజౌళ్ళ శక్తి. మొత్తం 148 దాకా. నాసి మేత మీదుండే పశువులకు అంతర్జాతీయ లెక్కల్లో ఇందులో 6.5 శాతం మీథేన్‌గా పోతుందని పట్టుకుంటారు. అంటే 9.6 మెగాజౌళ్ళు. కిలో మీథేన్‌లో 55.65 ఉంటాయి. భాగిస్తే రోజుకు 170 గ్రాముల పైన, ఏడాదికి 63 కిలోలు. వాతావరణ మార్పు మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐపీసీసీ 2006 పట్టికల్లో బర్రెకు ఏడాదికి 55 కిలోలు, మన ఉపఖండం పాడి ఆవుకు 58, మనలాంటి దేశాల గొర్రెకు 5 అని వేశారు. నా లెక్క దానికి దగ్గర్లోనే ఉంది.

ఇక లాభనష్టాల సంగతి. నువ్వు కొని పెట్టిన మేతలో వందకు ఆరున్నర రూపాయలు తేన్పుల్లో పోతున్నాయి. వాతావరణం సంగతి తర్వాత, ముందు అది నీ జేబు.

పరకాల_అక్క
సారూ, మా ఆయన జేబులోంచి ఆరున్నర కాదు అరవై పోతున్నాయి, అది బర్రె తప్పు కాదు.

లెక్కల_సారు_హన్మకొండ
దానికి ఐపీసీసీ పట్టిక లేదమ్మా.

నర్సంపేట_నేపియర్
నేను ఒప్పుకోను. గడ్డి రకం మార్చితే చాలు అంతా సెట్ అవుతుంది. గరిక, తుంగ మేపేవాళ్ళు సూపర్ నేపియర్‌కి మారండి. పాలు పెరిగాయా లేదా మీరే చూడండి.

పరకాల_అక్క
నేపియర్ పెట్టినవాళ్ళలో సగం మంది దాన్ని తాడిచెట్టంత పెంచి కోస్తారు. కాడ చెరుకులా గట్టిపడుతుంది. బర్రె ఆకు మాత్రం తిని కాడలు తొక్కేస్తుంది. అప్పుడు దానికీ వరిగడ్డికీ ఏం తేడా? మొదటి కోత రెండు, రెండున్నర నెలలకు, తర్వాత 45 రోజులకోసారి కోయాలి. చాఫ్ కట్టర్‌లో ముక్కలు చేసి పెట్టాలి. మేం అట్లనే చేస్తాం, కాడ కూడా మిగలదు.

కోరుట్ల_వెటర్నరీ
అక్క చెప్పిందే అసలు పాయింట్. రకం కంటే కోసే వయసు ముఖ్యం. లేత గోంగూర, ముదురు గోంగూర ఒకే మొక్క, కానీ ముదురుది నములుతూ కూర్చోవాలి కదా, గడ్డి కూడా అంతే. ముదిరేకొద్దీ కాడను గట్టిపరిచే లిగ్నిన్ పెరుగుతుంది, మాంసకృత్తులు తగ్గుతాయి. వానలు పడ్డ కొత్తలో మన బంజరు గడ్డిలో మాంసకృత్తులు 10 శాతం దాకా ఉంటే, దీపావళి దాటి ఎండినాక అదే గడ్డిలో 3, 4 శాతానికి పడిపోతాయి. 6, 7 శాతం కంటే తగ్గితే పొట్టలో సూక్ష్మజీవులకే తిండి చాలదు, మేత అరగడానికి ఎక్కువ టైం పడుతుంది, పశువు తినడం తగ్గిస్తుంది.

రకం తేడా కూడా ఉంది, కాదనను. నేపియర్, జొన్న, మక్క, గరిక ఇవన్నీ ఉష్ణదేశపు గడ్డి జాతులు, సీ4 అంటారు. ఎండకు తట్టుకుంటాయి, త్వరగా పెరుగుతాయి, త్వరగా ముదురుతాయి. చల్లటి దేశాల రై గ్రాస్‌తో పోలిస్తే, ఇవి కిలో మేతకు కొంచెం ఎక్కువ మీథేన్ ఇస్తాయని పరిశోధనల సారాంశం. అలసంద, లూసర్న్, స్టైలో లాంటి పప్పుజాతి మేతలు కలిపితే తగ్గుతుంది.

వైకాటో_వరంగల్
న్యూజిలాండ్ డెయిరీ ఫామ్‌లో పని చేస్తున్నా, సొంతూరు వర్ధన్నపేట దగ్గర. ఇక్కడి సంగతి కొంచెం చెప్తా. ఇక్కడంతా రై గ్రాస్, తెల్ల క్లోవర్. ఆవులు జులై, ఆగస్టులో ఈనుతాయి, గడ్డి బాగా పెరిగే వసంతం, అంటే సెప్టెంబర్ నుంచి నవంబర్, పాల సీజన్‌లో పడేలా ప్లాన్ చేస్తారు. ఇక్కడి గొర్రెల మీద చాలా కొలతలు తీశారు. కిలో ఎండు మేతకు సుమారు 20 గ్రాముల పైన మీథేన్. లేత గడ్డి, ముదురు గడ్డి అని చూస్తే ఈ కిలో లెక్కలో తేడా మనం అనుకున్నంత రాదు. ఆవగింజ జాతి మేత, రేప్ అంటారు, అది మేపితే మాత్రం గొర్రెల్లో 30 శాతం దాకా తగ్గింది. మిగతా గడ్డి రకాల మీద ఆశ పెట్టుకున్న చాలామంది నిరాశపడ్డారు.

హసన్‌పర్తి_బర్రెలు
అయితే కాలం తేడా లేదంటావా తమ్ముడూ? ఆ సారు ఉందన్నాడు, నువ్వు లేదంటున్నావు.

వైకాటో_వరంగల్
లేదని కాదన్నా. కిలో మేతకు చూస్తే చిన్న తేడా. లీటరు పాలకు చూస్తే పెద్ద తేడా.

యాసంగి
నాకైతే అర్థం కాలేదు. పచ్చగడ్డి ఎక్కువ తింటుంది, ఎక్కువ తింటే ఎక్కువ గ్యాస్. మరి వానాకాలంలోనే ఎక్కువ వదలాలి కదా? ఎండాకాలం కడుపు మాడుతుంది, గ్యాస్ ఎక్కడిది?

లెక్కల_సారు_హన్మకొండ
నువ్వన్నది కరెక్టే. రోజుకు గ్రాముల్లో చూస్తే వానాకాలంలో ఎక్కువ కావచ్చు. ఎండాకాలం వరిగడ్డి మీదున్న బర్రె రోజుకు 170 గ్రాములు వదిలి 3 లీటర్లు ఇస్తుంది అనుకో, లీటరుకు 57 గ్రాములు. అదే బర్రె వానాకాలం మంచి మేత మీద 220 వదిలి 7 లీటర్లు ఇస్తే లీటరుకు 31. ఇవి నేను ఊహించి వేసిన అంకెలే, కొలిచినవి కావు. కానీ రెండు మాటలూ ఎట్లా నిజమవుతాయో తెలుస్తుంది. ఎవరైనా మీటింగ్‌లో శాతం చెప్తే ముందు అడగాల్సింది, దేనికి శాతం, పశువుకా, కిలో మేతకా, లీటరు పాలకా అని.

యాసంగి
ఇప్పుడు అర్థమైంది. అంటే వట్టిపోయిన బర్రె మొత్తం నష్టమే అన్నమాట.

పరకాల_అక్క
ఆ మాట మా అత్త ముందు అనకు. మా ఇంట్లో ఒకటి రెండేళ్ళుగా పాలివ్వక తిరుగుతుంది, దానికి పేరు కూడా పెట్టింది, అమ్మనివ్వదు.

కొడవలి
ఇదంతా పెద్ద దేశాల డ్రామా. వాళ్ళ కార్లు, ఏసీలు, విమానాలు వదలొచ్చు, మన బర్రె తేన్పు మాత్రం నేరం. మన దగ్గర గొడ్లు లేకపోతే పొలానికి పెంట ఎక్కడిది? వీళ్ళ మాటలు నమ్మి వరిగడ్డి మానేస్తే ఆ గడ్డి కాలబెట్టాలి, అప్పుడు పొగ మీద ఇంకో మీటింగ్ పెడతారు.

కోరుట్ల_వెటర్నరీ
కాలబెట్టే మాట నిజం. కానీ మీథేన్ మన దగ్గర పుట్టలేదు అనలేం అన్నా. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవు జాతి 19 కోట్ల పైన, బర్రెలు దాదాపు 11 కోట్లు. గొర్రెల్లో దేశంలో మొదటి స్థానం తెలంగాణదే, 1.9 కోట్లు. నీ కోపంలో ఒక న్యాయం ఉంది. పెట్రోలు కాలిస్తే భూమి లోపలి కార్బన్ కొత్తగా పైకి వస్తుంది. బర్రె వదిలే కార్బన్ మొన్నటి గడ్డిలోదే. మీథేన్ గాలిలో సగటున పన్నెండేళ్ళే ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ అట్లా కాదు. కానీ ఉన్నన్నాళ్ళు మీథేన్ వేడి చాలా ఎక్కువ. ఇరవై ఏళ్ళ లెక్కలో టన్నుకు టన్ను చూస్తే 80 రెట్ల దాకా. అందుకే దాన్ని తగ్గిస్తే ఫలితం త్వరగా కనిపిస్తుందని అందరూ వెంటపడతారు.

కొడవలి
80 రెట్లు అంటున్నావు, 80 రూపాయల పాల రేటు ఎవరిస్తారో చెప్పు ముందు.

వైకాటో_వరంగల్
పన్ను భయం ఉన్నవాళ్ళ కోసం. ఇక్కడ 2022లో పశువుల తేన్పుల మీద లెవీ వేస్తామన్నారు, రైతులు ట్రాక్టర్లతో రోడ్డెక్కారు, 2024లో కొత్త ప్రభుత్వం పక్కన పెట్టేసింది. డెన్మార్క్ మాత్రం 2030 నుంచి పన్ను అని 2024లో ఒప్పందం చేసుకుంది. మీథేన్ తగ్గిస్తామని 2021లో చాలా దేశాలు చేసుకున్న ఒప్పందంలో మన దేశం చేరనే లేదు. హసన్‌పర్తి అన్నా, దీని పేరుతో పాల రేటు కోత గురించి నువ్వు నిద్ర చెడగొట్టుకోకు.

హసన్‌పర్తి_బర్రెలు
బతికించావు. ఇప్పుడు వరిగడ్డి సంగతి చెప్పండి. అది తప్ప నాకు దిక్కు లేదు.

పాత_జొన్న
దిక్కు ఎందుకు లేకుండా పోయిందో అది కూడా మాట్లాడుకుందాం. మా నాన్న కాలంలో కొట్టం పక్కన జొన్న చొప్ప గూడు ఉండేది, పెసర పొట్టు, కంది పొట్టు, పల్లి కట్టె వేరే వేరే ఉండేవి. ఎండాకాలం చొప్పలో ఇంత పెసర పొట్టు కలిపేవాళ్ళు. ఎవ్వరూ మీథేన్ పేరు వినలేదు, కానీ పప్పుజాతి కలిపి మేపే పద్ధతి అదే. కాలువలు వచ్చాయి, బోర్లు వచ్చాయి, వరి వచ్చింది. నీళ్ళు వచ్చినందుకు నాకు బాధ లేదు, అన్నం తింటున్నాం. కానీ చొప్ప పోయి వరిగడ్డి వచ్చింది, అది కూడా హార్వెస్టర్ తొక్కేసిన గడ్డి. బేలర్ వాడు కట్టలు కట్టి ఇస్తే దుమ్ము, మట్టి అందులోనే.

ఇంకోటి, ఎవరూ అనట్లేదు. నీళ్ళు నిలబెట్టిన వరి మడి కూడా మీథేన్ వదులుతుంది. గడ్డి పండేటప్పుడు ఒకసారి, బర్రె తినేటప్పుడు ఇంకోసారి.

మెట్‌పల్లి_మక్క
పాత జొన్న అన్న మాట నూటికి నూరు పాళ్ళు. మా వైపు మక్క ఎక్కువ. కంకులు తెంపినాక చొప్ప చేన్లోనే దున్నేస్తున్నారు, లేదా నిప్పు పెడుతున్నారు. నేను పోయిన యాసంగి కొంచెం మక్క గింజ పాలు పట్టి గట్టిపడే టైంలో కంకితో సహా కోసి సైలేజ్ చేశా. ముక్కలు చేసి గుంతలో గట్టిగా తొక్కి, గాలి చొరకుండా కవర్ కప్పి నెలన్నర వదిలేశా. ఏప్రిల్, మే గట్టెక్కాయి. ఇందులో గింజ ఉంది కాబట్టి కోరుట్ల తమ్ముడు చెప్పిన ప్రొపియోనేట్ దారి కదా?

కోరుట్ల_వెటర్నరీ
అదే. పీచుతో పాటు పిండి పదార్థం వెళ్తుంది. తెరిచినాక రోజూ కొంత మందం తీస్తూ ఉండాలి, బూజు పట్టింది మాత్రం పెట్టొద్దు.

నర్సంపేట_నేపియర్
అట్లయితే దాణా, మక్క పిండి దంచి పెడితే మీథేన్ సున్నా చేయొచ్చు కదా?

కోరుట్ల_వెటర్నరీ
సున్నా కాదు, బర్రె పడుకుంటుంది. పిండి ఒక్కసారిగా ఎక్కువైతే పొట్టలో పులుపు పెరిగి నెమరు ఆగిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. పీచు ఉండాల్సిందే.

చొప్పకట్ట
వరిగడ్డికి యూరియా పట్టించే పద్ధతి ఎవరూ చెప్పలేదేంటి? 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50, 60 లీటర్ల నీళ్ళలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి తొక్కి, గాలి చొరకుండా కప్పి మూడు వారాలు ఉంచాలి. తీసినాక కాసేపు ఆరబెట్టి, ఘాటు పోయాక పెట్టాలి. మాంసకృత్తులు దాదాపు రెట్టింపు అవుతాయి, గడ్డి మెత్తబడుతుంది, బర్రెలు అలవాటు పడితే ఇష్టంగా తింటాయి.

పరకాల_అక్క
జాగ్రత్త. యూరియా నీళ్ళ బకెట్ పశువు తాగితే చచ్చిపోతుంది. మా పక్కూళ్ళో జరిగింది. బకెట్ అట్లనే పెట్టి ఫోన్ మాట్లాడటానికి పోయాడు. దూడలకు ఈ గడ్డి పెట్టొద్దు కూడా.

లెక్కల_సారు_హన్మకొండ
యూరియా గడ్డి మీద ఒక మెలిక. బాగా అరిగితే బర్రె ఎక్కువ తింటుంది, రోజు గ్రాములు పెరగొచ్చు. లీటరు లెక్కలో తగ్గుతుంది. మళ్ళీ అదే పాట.

ములుగు_మంద
మా గొర్లు, మేకల గురించి ఎవ్వరికీ పట్టదా? ఎండాకాలం మాకు గడ్డే ఉండదు. తుమ్మకాయలు, సర్కారు తుమ్మ కాయలు, సుబాబుల్ ఆకు, అడవిలో దొరికిన రొట్ట. మేకలు దాని మీదే బతుకుతాయి. వీటికి గ్యాస్ తక్కువని ఒకాయన చెప్పాడు, నిజమా?

కోరుట్ల_వెటర్నరీ
చాలావరకు నిజం. తుమ్మకాయ, సుబాబుల్ ఆకుల్లో టానిన్లు ఉంటాయి. నోట్లో ఒగరుగా తగిలేది అదే. మీథేన్ తయారు చేసే సూక్ష్మజీవులను కొంత అణిచేస్తాయి, మాంసకృత్తులు పొట్టలో వృథా కాకుండా చూస్తాయి. ఎక్కువైతే మాత్రం మేత తినవు, అరగదు. బెంగళూరులోని జాతీయ పశు పోషణ సంస్థ చెట్ల టానిన్లతోనే ‘హరిత ధార’ అనే దాణా మిశ్రమం తయారు చేసింది, 17 నుంచి 20 శాతం దాకా మీథేన్ తగ్గిందని ప్రకటించారు. సుబాబుల్‌లో మిమోసిన్ అనే విషం కూడా ఉంటుంది, మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వకండి.

ములుగు_మంద
అంటే మా మేకలు ఇంగ్లీషు మందు అవసరం లేకుండానే పర్యావరణ ప్రేమికులన్నమాట. ఈ మాట ఫారెస్టోళ్ళకు ఎవరైనా చెప్పండి.

గ్యాస్_బండ
మేకలకు సర్టిఫికెట్ ఇప్పించే బాధ్యత కోరుట్ల తమ్ముడిది.

మెట్‌పల్లి_మక్క
హసన్‌పర్తి అన్నా, మీకు దగ్గర్లో వరంగల్ ఏనుమాముల మార్కెట్ ఉంది కదా, పత్తి గింజల చెక్క సంగతేంటి? నూనె ఉంటే మీథేన్ తగ్గుతుందని చదివా.

కోరుట్ల_వెటర్నరీ
తగ్గుతుంది. మేతలో కొవ్వు ఒక శాతం పెరిగితే మీథేన్ 3 నుంచి 5 శాతం దాకా తగ్గుతుందని లెక్క. కానీ మొత్తం కొవ్వు 6 శాతం దాటితే పీచు అరగడం దెబ్బతింటుంది. నూనె బాగా తీసేసిన చెక్కలో కొవ్వు పెద్దగా మిగలదు, దాన్ని మాంసకృత్తుల కోసమే పెట్టాలి.

కొడవలి
సరే ఒప్పుకున్నా. కానీ ఇన్ని చేయడానికి రైతు దగ్గర కూలీ ఉందా, టైం ఉందా? మాది ముగ్గురు మనుషుల ఇల్లు, పొద్దున మూడింటికి లేవాలి.

పరకాల_అక్క
కొడవలి అన్న మాట నాకు నచ్చింది. ఈ చర్చ మొత్తంలో గడ్డి కోసేది ఎవరు అని ఎవరూ అడగలేదు. మా ఇంట్లో నేనే. చాఫ్ కట్టర్ వచ్చాకే ప్రాణం తెరిపిన పడింది, సబ్సిడీలో వచ్చింది. అన్నీ చేయక్కర్లేదు, ఒక్కటి చేయండి చాలు. వరిగడ్డి ముక్కలు చేసి, అందులో మూడో వంతు అలసంద పచ్చిమేత కలిపితే అన్నీ తింటాయి, తొక్కేసేది తగ్గుతుంది.

హసన్‌పర్తి_బర్రెలు
అలసంద ఎప్పుడు వేయాలక్కా? నా దగ్గర నేపియర్ గట్ల మధ్య ఖాళీ ఉంది.

పరకాల_అక్క
జూన్‌లో వానలు పడగానే ఒకసారి, నీళ్ళుంటే జనవరి, ఫిబ్రవరిలో ఇంకోసారి. పూత మీద కోయి, రెండు నెలల్లోపే వస్తుంది. నేపియర్ నరికిన మరుసటి రోజే మధ్యలో చల్లు, లేకపోతే నేపియర్ నీడకు లేవదు.

పాత_జొన్న
దాంతో పాటు పశుగ్రాస జొన్న కూడా కొంచెం వేయి. పలుమార్లు కోసే రకాల విత్తనం దొరుకుతుంది. ఒక్కటే చెప్తున్నా, వానలు ఎగ్గొట్టి వాడిపోయిన లేత జొన్న, కోసినాక వచ్చే పిలకలు మేపొద్దు. విషం ఉంటుంది, నిలబడ్డ చోటే పడిపోతాయి. పూతకు వచ్చాక కోస్తే భయం లేదు.

యాసంగి
పెంటకుప్ప సంగతి ఎవరైనా చెప్తారా? వానాకాలం మా పెంట గుంతలో నీళ్ళు నిలుస్తాయి, బుడగలు వస్తుంటాయి.

కోరుట్ల_వెటర్నరీ
ఆ బుడగల్లో ఉన్నది మీథేనే. గాలి తగలని తడిపేడ నుంచి వస్తుంది. ఎండిన పేడ నుంచి చాలా తక్కువ. నీళ్ళు నిలవకుండా మిట్ట మీద కుప్ప వేసి అప్పుడప్పుడు తిరగేస్తే తగ్గుతుంది. లేదంటే గోబర్ గ్యాస్ పెట్టు, అదే బుడగ పొయ్యి మీదికి వస్తుంది.

గ్యాస్_బండ
నేను మొదట్లోనే చెప్పా. అందరూ నవ్వారు.

లెక్కల_సారు_హన్మకొండ
నువ్వు చెప్పింది బర్రెకు పైపు. ఇది పేడకు.

నర్సంపేట_నేపియర్
అలసంద పశుగ్రాసం విత్తనం హన్మకొండలో ఎక్కడ దొరుకుతుంది? షాపులో అడిగితే కూర అలసంద ఇచ్చాడు.

పరకాల_అక్క
మండలం పశువుల ఆస్పత్రిలో అడుగు, జూన్‌కు ముందు సబ్సిడీ గడ్డి విత్తనాలు వస్తే అందులో ఉంటుంది. లేట్ చేస్తే అయిపోతుంది.